ఏడు తప్పుల అమ్మాయి

మా తాడేపల్లిగూడెంలో సాఫ్ట్‌బాల్ అంటే ఇప్పటికీ సగం మందికి తెలియదు. "క్రికెట్టా అండీ?" అంటారు. కాదండీ అంటే, "మరి ఆ బ్యాటేంటి, ఆ బంతేంటి?" అంటారు. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఈ మధ్య "అవునండీ, క్రికెట్టే, కాస్త గుండ్రంగా తిరిగి ఆడతాం" అని ఊరుకుంటున్నాను.

నాకు బజార్లో గాజుల కొట్టుంది. మా మావగారి తాత కాలం నాటిది. పొద్దున గాజులు, సాయంత్రం సాఫ్ట్‌బాల్. కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకి ఆడాను. తర్వాత మోకాలు పోయింది, పెళ్ళయింది. ఈ రెంటికీ సంబంధం లేదు. ఆట మానేశాక ఊరికే కూర్చోలేక అమ్మాయిల మ్యాచ్‌లకి స్కోరు రాయడం మొదలెట్టాను. తాడేపల్లిగూడెంలో ఆ పని ఇంకెవరూ చెయ్యరు గనక, పోటీ లేని పదవి. నా అంతట నేను మానేస్తే తప్ప ఊడదు.

స్కోరరంటే పరుగులు లెక్కపెట్టడమే అనుకునేరు. మా ఆటలో స్కోరరుకి అంపైరుకి కూడా లేని అధికారం ఒకటుంది. బంతి ఫీల్డరు చేతికి చిక్కలేదనుకోండి, అది కొట్టినమ్మాయి గొప్పా, వదిలినమ్మాయి తప్పా? అంపైరు ఆ జోలికి రాడు. తేల్చాల్సింది నేనే. మామూలు పిల్ల పట్టుకోగలిగిన బంతి అయితే ఫీల్డరు పేరు పక్కన "తప్పు" అని రాస్తాను. ఎవరికైనా కష్టమే అనిపిస్తే "హిట్" అని కొట్టినమ్మాయికి వేస్తాను. ఆ రెండు ముక్కల్లో ఏది రాయాలో నా కన్నూ, నా బుర్రా చెబుతాయి. నా కన్నంటే నాకు మహా నమ్మకం. గాజు చూడకుండానే చెయ్యి చూసి సైజు చెప్పేదాన్ని, బంతి చూసి చెప్పలేనా అని గర్వం.

నా పక్కన గ్యాలరీ మూడో మెట్టు మీద రోజూ ఇద్దరు కూర్చునేవారు. ఒకరు ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. నాకు అన్నయ్య వరస. మార్కెట్ యార్డులో వేలంపాట పాడి పాడి ఆయనకి మెల్లిగా మాట్లాడటం రాదు. "బాగుంది" అని ఆయనంటే పక్క రోడ్డు మీద పోయే గణపవరం బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. రెండో ఆయన టైలర్ గారు. సాయిబులు, పెద్దాయన, మా జట్టుకి యూనిఫారాలు కుట్టేది ఆయనే. ఆట చూస్తూ ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతుంటారు. తల దించుకునే ఉంటారు గానీ, ఏ బంతి ఎటు వెళ్ళిందో మనకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. పరుగెత్తేవాళ్ళు తాకాల్సిన గుర్తుల్ని బేసులంటాం. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడే అమ్మాయిని షార్ట్‌స్టాప్ అంటారు. మైదానంలో ఎక్కువ బంతులు వచ్చేది అక్కడికే, ఎక్కువ తప్పులు జరిగేదీ అక్కడే. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకే కదా చెయ్యి కాలేది. ఆ ఏడాది మాకు షార్ట్‌స్టాప్‌లు ఇద్దరు తయారయ్యారు. ఒకమ్మాయి ఉల్లిపాయల అన్నయ్య గారి మేనకోడలు. చలాకీ పిల్ల, మా కొట్లో గాజులు కొనదు గానీ రోజూ వచ్చి అన్నీ తొడుక్కుని చూస్తుంది. రెండో అమ్మాయి కొల్లేటి లంకల్లోంచి వచ్చేది. పద్దెనిమిదేళ్ళు. తల్లీ తండ్రీ చేపల చెరువుల మీద కూలికి వెళ్తారు. కాలేజీలో చేరాకే బంతి పట్టుకుంది. రెండేళ్ళలో, కాలేజీలో ఆటలు నేర్పే పీడీ గారి కళ్ళు తిరిగేలా తయారైంది.

జిల్లా జట్టుకి ఏలూరులో సెలక్షన్ ఉందని, మా కాలేజీ నుంచి షార్ట్‌స్టాప్‌గా ఒక్కరినే పంపాలని పీడీ గారు చెప్పారు. "మీ పుస్తకంలో తప్పులు తక్కువున్న పిల్లని పంపుతానండీ. మాట రాకుండా ఉంటుంది" అన్నారు. మేనకోడలికి అది సరదా. కొల్లేటమ్మాయికి మాత్రం సరదా కాదు. జిల్లాకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ టీచర్ల కోర్సులో సీటొస్తుంది. లేకపోతే చదువు ఆ ఏడాదితో సరి, తల్లితో పాటు చెరువు గట్టు మీదకే. ఈ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసే చేశాం చేసిన పని, అది చెప్పుకోవాలి.

ఆ శనివారం ప్రాక్టీసు మ్యాచ్‌లో ఒక బంతి నేల మీద దూసుకొచ్చి, ఆఖర్న రాయి తగిలి ఎగిరింది. కొల్లేటమ్మాయి పక్కకి ఉరికింది, గ్లోవ్ అంచుకి తగిలి బంతి వెనక్కి పోయింది.

"చూశారా!" అని అరిచారు అన్నయ్య గారు. "కొల్లేట్లో జెల్లచేప జారినట్టు జారిపోయింది! వాళ్ళకి వలతో పట్టడం అలవాటండీ, చేత్తో పట్టమంటే ఎలా?"

మెట్ల మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే "తప్పు" అని రాశాను. అది ఏడోది.

కాసేపటికి మేనకోడలు షార్ట్‌స్టాప్‌లో నిలబడింది. బంతి తిన్నగా తన దగ్గరికే వచ్చింది, రాయి కూడా తగల్లేదు. కాళ్ళ పక్కనుంచి జారిపోయింది.

"అయ్యో పాపం, ఎండ కళ్ళలో పడిందమ్మా" అన్నారు అన్నయ్య గారు.

"అవునండీ, గట్టిగా వచ్చింది కూడాను" అని నేను "హిట్" రాశాను.

టైలర్ గారు నోట్లో దారం కొరికి, సూది చొక్కాకి గుచ్చి, తలెత్తారు. "సూర్యుడు ఆ పిల్ల వీపు వెనకాల ఉన్నాడండీ" అన్నారు.

అందరం తలలు తిప్పి చూశాం. సూర్యుడు నిజంగానే ఆ పిల్ల వీపు వెనకాల, ఎఫ్‌సీఐ గోడౌన్ల మీదున్నాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోరు కదా?" అన్నారాయన నాతో.

"కోపమా? నాకా?" అన్నాను కోపంగా.

"కొల్లేటి పిల్ల తప్పు చేస్తే ఊరు ఊరంతా తప్పు చేసినట్టు మాట్లాడుకుంటున్నాం. మన పిల్ల తప్పు చేస్తే ఎండ చేసినట్టు మాట్లాడుకుంటున్నాం. ఎందుకంటారూ?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి నిలబడ్డాను. "ఏవండోయ్, ఆయనేదో వేళాకోళమాడితే నన్ను కలుపుతారేంటి? నా పుస్తకంలో కులం రాసే గడి లేదు, ఊరు రాసే గడి లేదు. బంతీ, గ్లోవూ, అంతే!"

"గడి లేకపోబట్టే కనబడట్లేదేమోనమ్మా" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

అన్నయ్య గారికి మండింది. "ఊరుకోండి సాయిబు గారూ! ఆటలోకి ఊళ్ళూ కులాలూ తెస్తారేంటి మీరు? మేం అనలేదే, మీరే అన్నారు!"

"అవునండీ, నేనే అన్నాను. ఎవరో ఒకరు అనాలి కదండీ" అని ఆయన మళ్ళీ సూది తీసుకున్నారు.

ఆ రోజంతా నాకు ఒళ్ళు మంటగానే ఉంది. కొట్లో ఎవరో రెండున్నర సైజు అడిగితే రెండుంబావు ఇచ్చి పంపాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, "ఆయన మెత్తగా మాట్లాడతాడు కదా, నీకు గట్టిగా తగిలుంటుంది" అన్నారు. దాంతో మా ఆయనతో కూడా మాట్లాడటం మానేశాను. పైగా సోమవారం ఇంకో వార్త. కొల్లేటమ్మాయి రాలేదు, కాలేజీ గ్లోవ్ స్నేహితురాలి చేత తిరిగి పంపేసింది. ఏడు తప్పులున్నాయట కదా, ఇంకెందుకని అందట. ఆ మాట విన్నాక నాకు కోపం పోయి గుబులు పట్టుకుంది.

సాయంత్రం టైలర్ గారు కబురుపెట్టారు. అన్నయ్య గారినీ నన్నూ టీకి రమ్మని. వెళ్ళకూడదని ఇద్దరం విడివిడిగా అనుకుని, ఇద్దరం వెళ్ళాం.

ఆయన కొట్టు చిన్నది. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. బల్ల పైన తీగకి గుచ్చి కొలతల చీటీలు వేలాడుతుంటాయి. ఆ చీటీల మీద పేర్లుండవు, నంబర్లే. ఎన్నో ఏళ్ళుగా నా జాకెట్లు ఆయనే కుడుతున్నారు, నేను ఆయనకి పద్నాలుగో నంబరుని. ఆయనకి నా పేరు తెలియదేమో అనుకునేదాన్ని ఒకప్పుడు.

"ఈ నంబర్లు మా నాన్న పెట్టిన పద్ధతండీ" అన్నారాయన టీ గ్లాసులు అందిస్తూ. "కొలతలు తీసేది ఒకరు, కత్తిరించేది ఒకరు. కత్తిరించేవాడికి పేరు తెలియకూడదు. ఎమ్మార్వో గారి గుడ్డ అని తెలిస్తే చెయ్యి జాగ్రత్తగా వెళ్తుంది. రిక్షా తొక్కే ఆయన గుడ్డ అని తెలిస్తే తొందరగా వెళ్తుంది. మనం చెడ్డవాళ్ళమై కాదమ్మా. చేతికి తెలిసిపోతుంది, మనకి తెలియదు. ఇప్పుడు నేనొక్కడినే అయినా, రాత్రి కొలతలు రాసి, పొద్దున నంబరు చూసి కత్తిరిస్తాను."

"బాగుందండీ. దీనికీ బంతికీ ఏంటి సంబంధం?" అన్నారు అన్నయ్య గారు.

టైలర్ గారు సొరుగులోంచి పన్నెండు చీటీలు తీశారు. కొలతల చీటీలే, కానీ వాటి మీద నడుమూ ఛాతీ లేవు. బంతులున్నాయి! మనసులో ఏదో కలుక్కుమన్న దగ్గర్నుంచీ, ఒక్కో బంతి గురించీ రాసుకుంటూ వచ్చారట. ఎటు వచ్చింది, ఎంత దూరం ఉరకాల్సి వచ్చింది, ఎంత ఎత్తున ఎగిరింది. ఆయన బుర్ర అంతా గజాలూ అంగుళాలే కదా. పేరు మాత్రం లేదు. ఓ మూలన నంబరుంది.

"నేను చదువుతాను. మీరిద్దరూ తప్పో హిట్టో చెప్పండి. ఎవరని అడగకూడదు" అన్నారు.

"ఓస్, ఇంతేనా!" అన్నాన్నేను.

చదవడం మొదలెట్టారు. "ఎడమ పక్కకి నాలుగు గజాలు ఉరికింది. బంతి రాయి తగిలి మోకాలెత్తున లేచింది. గ్లోవ్ అంచుకి తగిలింది."

"హిట్" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దాన్ని ఎవరు పడతారండీ!"

"హిట్టే" అన్నారు అన్నయ్య గారు.

"నిలబడ్డ చోటికే వచ్చింది. రెండు గెంతులు, మెత్తగా. వంగలేదు. కాళ్ళ పక్కనుంచి పోయింది."

"తప్పు! తప్పున్నర!" అని బల్ల చరిచారు అన్నయ్య గారు. టీ ఒలికింది. "మా మనవడికి మూడేళ్ళండీ, వాడు కూడా పడతాడు! ఎవరండీ ఆ పిల్ల, వెన్ను వంచదా?"

"ఎవరని అడగకూడదండీ" అన్నారు టైలర్ గారు.

పన్నెండూ అయ్యాయి. రెండు మూడింటి దగ్గర అన్నయ్య గారికీ నాకూ మాటామాటా పెరిగింది గానీ, చివరికి ఒక్కదానిలోనూ తేడా రాలేదు. నాకు భలే ఉత్సాహంగా ఉంది. ఎంత న్యాయంగా చెప్పామో చూశారా అన్నట్టు కూర్చున్నాను. అప్పుడాయన ఏ నంబరు ఎవరిదో రాసిన కాయితం తీసి మా ముందు పెట్టారు.

ఏడు చీటీలు కొల్లేటమ్మాయివి. నేను పుస్తకంలో "తప్పు" అని రాసినవి. అందులో మూడింటిని ఇప్పుడు నా నోటితో నేనే హిట్ అన్నాను. మిగతా అయిదూ మేనకోడలివి. పుస్తకంలో "హిట్" అని రాసినవి. అందులో మూడింటిని తప్పు అన్నాను. వెన్ను వంచని పిల్ల, బల్ల చరిచి మరీ అన్నయ్య గారు తిట్టిన పిల్ల, ఆయన మేనకోడలే.

అన్నయ్య గారి మొహం చూడాలి ఆ వేళ! నంబర్ల కాయితాన్ని రెండుసార్లు తిరగేసి చూసుకున్నారు. నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ఓడిపోవడం నాకు చేతకాదు గనక ఆఖరి ప్రయత్నం చేశాను. "మీరు సరిగ్గానే రాసుకున్నారని ఏంటి నమ్మకం?"

"మీ పుస్తకం చూడండమ్మా" అన్నారాయన.

సంచిలోంచి తీశాను. నాకు ప్రతి బంతి పక్కనా చిన్న అక్షరాలతో రెండు మాటలు రాసుకునే అలవాటుంది. ఏడో తప్పు పక్కన నా దస్తూరీతోనే ఉంది, "రాయి తగిలింది, చాలా వేగం". వేగమనీ రాశాను, రాయనీ రాశాను, తప్పనీ రాశాను! కన్ను చూసింది, చెయ్యి రాసింది. మధ్యలో నవ్వొకటి దూరింది. కాదు, నవ్వు మీద తొయ్యడమెందుకు, నేనే దూరాను. మాది నాలుగు తరాల కొట్టు, ఆ పిల్ల చెరువు గట్టు మీంచి వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడు జారవిడుస్తుందా అని నా లోపల ఎవరో కాచుకు కూర్చున్నారు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"సాయిబు గారూ, ఒకటడుగుతాను" అన్నారు అన్నయ్య గారు, ఎట్టకేలకు, మామూలు మనుషుల గొంతుతో. "మీకెలా తెలిసిందండీ ఇది?"

"నా కొట్లో గుండీ ఊడితే 'ఈ సాయిబుల పని ఇంతే' అంటారండీ. పక్క కొట్లో గుండీ ఊడితే 'దారం మంచిది కాదు' అంటారు. నలభై ఏళ్ళు విన్నాను" అని ఆయన నవ్వారు. "టీ చల్లారిపోతోంది, తాగండి."

మర్నాడు పొద్దున్నే పీడీ గారి దగ్గరికి పరిగెత్తాను. పుస్తకం ముందు పెట్టి, దిద్దాలండీ అన్నాను. ఏడు కాస్తా నాలుగయింది. మేనకోడలివి అంతకు ముందున్న రెండుకి మూడు కలిసి అయిదయ్యాయి. పీడీ గారు ఆ లెక్క చూసి నా మొహం చూశారు. "దిద్దొచ్చు మేడం గారూ. కానీ ఇద్దరు పిల్లలూ దిద్దిన చోట సంతకం పెట్టాలి. లేకపోతే రేపు ఎవరో ఒకరు గొడవ పెడతారు. కాయితాలు ఎల్లుండే పంపాలి" అన్నారు.

మేనకోడలు మా కొట్టుకి వచ్చి, మొహం ఇంత చేసుకుని సంతకం పెట్టింది. "ఆ మూడూ తప్పులేనని నాకు తెలుసాంటీ. మీరు హిట్ రాశారు కదాని నోరు మూసుకున్నాను" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి మళ్ళీ గాజులన్నీ తొడుక్కుని చూసింది.

కొల్లేటమ్మాయి కోసం గణపవరం బస్సెక్కాను. అక్కడ దిగి ఆటో. రోడ్డుకి రెండు వైపులా చెరువులే, నీళ్ళల్లో చేపలకి గాలి కొట్టే చక్రాలు తిరుగుతూ, గట్టు మీద కొంగలు బారులుగా. వాళ్ళ ఊళ్ళో అడుగుపెట్టేసరికి ఎక్కడో టప్, టప్ అని చప్పుడు. మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళి చూద్దును కదా, ఆ అమ్మాయి. పాత రబ్బరు బంతిని గోడకేసి కొట్టి పట్టుకుంటోంది. గ్లోవ్ లేదు, వట్టి చేతులు. ఆ గోడ సున్నం ఊడి గతుకులు గతుకులుగా ఉంది, బంతి ఒక్కోసారి ఒక్కో పక్కకి వస్తోంది. కాసేపు చాటుగా నిలబడి చూశాను. ఒక్కటీ వదల్లేదు.

నన్ను చూసి బెదిరిపోయింది. "ఏమన్నా అయ్యిందాండి?" అంది.

"అయ్యిందమ్మా. నా వల్ల అయ్యింది. ఇంటికి తీసుకెళ్ళు" అన్నాను.

వాళ్ళమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరినో కొట్టుకి పంపి సీసా డ్రింకు తెప్పించింది. "మీరు మా ఇంట్లో నీళ్ళు తాగుతారో లేదోనని" అంది, నొచ్చుకుంటూ. నేనింకా నోరు విప్పకముందే ఇది!

"తల్లీ, ఎండలో పడి వచ్చాను. ఆ తీపినీళ్ళు నాకొద్దు, కుండలో నీళ్ళివ్వు" అన్నాను. రెండు గ్లాసులు తాగాను. నిజంగానే దాహం వేసింది.

తర్వాత అన్నీ చెప్పేశాను. జోకు, నవ్వు, చీటీలు, అన్నయ్య గారు బల్ల చరవడం. అది చెప్పేటప్పుడు వాళ్ళమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్ల నవ్వలేదు. "నేను నీకు అన్యాయం చేశానమ్మా. కావాలని చెయ్యలేదు గానీ, చేశాను. ఏడు కాదు, నాలుగే నీవి. ఇక్కడ సంతకం పెట్టు, నువ్వే వెళ్తావు ఏలూరు" అన్నాను.

ఆ పిల్ల నేను తెచ్చిన టైలర్ గారి చీటీలు తీసుకుని ఒక్కోటీ చదివింది. హిట్‌గా మార్చిన మూడింట్లో రెండు కింద పెట్టింది. మూడోది చేతిలోనే ఉంచుకుంది.

"ఇది నా తప్పేనండి" అంది.

"కాదమ్మా, చూడు, రెండు గజాలు పక్కకి వచ్చింది. నువ్వు అందుకునేసరికే..."

"బంతి రాకముందే గణపవరం బస్సు హారన్ వినబడిందండి. అది పోతే ఇంటికి రావడానికి ఇంకోటి లేదు. తల తిప్పి రోడ్డేపు చూశాను. చూడకపోతే పట్టేదాన్ని. టైలర్ గారికి బంతి కనబడింది గానీ, నా కళ్ళు ఎటున్నాయో కనబడవు కదండి."

"ఓసి పిచ్చిదానా!" నాకు ఒక్కసారిగా కోపమొచ్చింది. "ఇది కలిపితే అయిదు! ఆ పిల్లకీ అయిదే! నీ సీటు సంగతేంటి? ఈ ముక్క నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుసు కదండి" అంది. గొంతు పెంచలేదు. "చెయ్యని తప్పులు నా పేరున రాస్తుంటే రోజూ రాత్రి ఏడ్చానండి. చేసిన తప్పు తీసేసి పంపితే, మళ్ళీ నన్ను చూసి రాసినట్టే కదండి. బంతిని చూసి రాయండి."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళ స్కోరరుని, ముప్పై ఏళ్ళలో ఎవరూ నాకీ మాట చెప్పలేదు. పుస్తకంలో ఆ బంతి దగ్గర "తప్పు" అని మళ్ళీ రాశాను. ఆ అమ్మాయి దాని కిందే సంతకం పెట్టింది, గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా. వాళ్ళమ్మ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం "పిల్లని ఎల్లుండి పంపుతానండి, ఆ చేతి తొడుగు మళ్ళీ ఇప్పించండి" అంది.

అయిదుకి అయిదు. పీడీ గారు తల పట్టుకుని, ఇద్దరినీ ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ సెలక్టర్లు ఇద్దరినీ ఎండలో నిలబెట్టి అరగంట సేపు బంతులు కొట్టించారు. ఆ అరగంటా అన్నయ్య గారు మేనకోడలి కోసం దండాలు పెట్టుకున్నారు, ద్వారకా తిరుమల వెంకన్నకి ఏదో మొక్కుకున్నారు కూడా. అయినా కొల్లేటమ్మాయి పక్కకి పడి ఒక బంతి ఆపితే అందరికంటే ముందు "శభాష్!" అని అరిచింది ఆయనే. అరిచాక నాలిక్కరుచుకున్నారు. జాబితాలో షార్ట్‌స్టాప్ అన్న చోట కొల్లేటమ్మాయి పేరు వచ్చింది. ఇంటికొచ్చే దారంతా ఆయన "మా పిల్లకి బ్యాటింగ్ బాగుంటుందండీ, వచ్చే ఏడాది చూడండి" అంటూనే ఉన్నారు. నిజమే, బాగుంటుంది.

జిల్లా జట్టు మొదటి మ్యాచ్‌కి నన్నే స్కోరు రాయమన్నారు. మా వాళ్ళంతా ఏలూరు వచ్చారు. టైలర్ గారు కాజాలు కుట్టే చొక్కా తెచ్చుకున్నారు. రెండో ఇన్నింగ్స్‌లో బంతి మెత్తగా, తిన్నగా కొల్లేటమ్మాయి దగ్గరికే వచ్చింది. రాయి లేదు, వేగం లేదు. వంగింది. బంతి రెండు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి వెళ్ళిపోయింది.

మా మెట్ల మీద ఈసారి ఒక్కరూ నవ్వలేదు. నా పెన్ను కాయితం మీద ఆగిపోయింది. నాకు రాయబుద్ధి కాలేదు. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల, జిల్లాకి మొదటి రోజు, అందరూ చూస్తున్నారు, పేపరు వాళ్ళు కూడా వచ్చారు.

"హిట్ రాసెయ్యండి చెల్లెమ్మ గారూ, ఎవరు చూశారు" అన్నారు అన్నయ్య గారు, ఆయన గుసగుస వంద మందికి వినబడేలా.

టైలర్ గారు సూది ఆపి నా చేతి వంక చూశారు.

"తప్పు" అని రాశాను.

ఇన్నింగ్స్ అయిపోయాక ఆ అమ్మాయి నీళ్ళ కోసం మా బల్ల వైపు వచ్చింది. మొహమంతా దుమ్ము. పుస్తకం నాకు తెలియకుండానే చేత్తో కప్పేశాను.

"రాశారా అండి?" అంది.

"రాశానమ్మా."

"అమ్మయ్య" అని నవ్వి, గటగటా నీళ్ళు తాగి, గ్లోవ్ తొడుక్కుంటూ పరిగెత్తింది.